వదిన పేరున తీసిన పన్ను

ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 9

పిచ్చుకకు,

ఇక్కడ నేనూ మీ అన్నయ్యా బాగానే ఉన్నాం. ఆయన ఈ వారమంతా త్రాసులు తనిఖీ చేస్తూ బజార్లో తిరుగుతున్నారు. నిన్న ఒక కొట్టాయన టీ తెప్పిస్తే తాగకుండా వచ్చేశారట. తలనొప్పి మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. ఈ కవరులో ఒక కార్డు ఉంది. మా కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే పళ్ల బీమా కార్డు అది. దాని మీద నా పేరూ ఒక నంబరూ ఉన్నాయి, ఫోటో లేదు. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు పళ్లతో దారం కొరకడం చూశాను. పై వరసలో ముందుపన్ను అంచుకి సన్నగా గాడి పడింది. డాక్టరుకు చూపించి ఎన్నాళ్లయిందంటే, "పుట్టాక ఇంతవరకూ లేదు" అన్నావు. అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

నా పని నీకు తెలుసు. డాక్టర్లు పంపే ఎక్స్‌రేలను బిల్లులతో సరిచూసి, ఇవ్వొచ్చో ఇవ్వకూడదో ముద్ర కొట్టడం. పదకొండేళ్లుగా మొహాలు చూడకుండా నోళ్లు మాత్రమే చూస్తున్నాను. ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకునేవాళ్ల ఫైలు పల్చగా ఉంటుంది. మానేసినవాళ్లది లావెక్కుతుంది. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే.

కార్డు మీద ఏడాదికి రెండుసార్లు పరీక్ష, క్లీనింగ్, ఒకసారి ఎక్స్‌రే పూర్తిగా కంపెనీయే పెట్టుకుంటుంది. పిప్పి పన్నుకి ఫిల్లింగ్ పెట్టినా, పన్ను పీకినా ఐదోవంతు మనది. రూట్ కెనాల్, క్యాప్ లాంటి పెద్ద పనులకు సగం వస్తుంది, అదీ చేరిన ఏడాది తర్వాత. తెల్లగా మెరిపించుకోవడానికీ, కొరికి కొరికి అరగదీసుకున్న పళ్లకూ పైసా రాదు.

ఆ రెండు క్లీనింగులూ నేనెప్పుడూ వాడుకోను. నా పళ్లకేం, రాళ్లలా ఉన్నాయి. ఏటా డిసెంబరు ఆఖరుకి అవి మురిగిపోతుంటాయి. ఈసారి నువ్వు వాడుకో. మీ ఊళ్లో మా జాబితాలో ఉన్న క్లినిక్ చిరునామా ఈ కాగితం వెనక రాశాను. అక్కడ నా పేరు చెప్పు.

ఒకటే షరతు. క్లీనింగ్ మాత్రమే. ఫిల్లింగ్ గానీ, పీకడం గానీ, ఇంకేదీ గానీ వద్దు. క్లీన్ చేసిన పళ్లు ఎవరివని ఎవరూ అడగరు. మిగతావన్నీ పన్ను నంబరుతో సహా రికార్డులోకి ఎక్కుతాయి. మీ అన్నయ్యకు తెలిస్తే ఒంటికాలి మీద లేస్తారు కాబట్టి ఫోనులో ఈ మాట ఎత్తకు. కార్డు ఉత్తరంలోనే తిప్పి పంపు.

నీ వదిన


కుట్టు గది, భోజనాల వేళ
మార్చి 3

వదినమ్మకు,

నీ పేరుతో గంటన్నర బతికి వచ్చాను. వాళ్లు నీ పేరు పిలిస్తే, ఎవరో చూద్దామని నేనూ అందరితోపాటు చుట్టూ చూశాను. మూడోసారికి గుర్తొచ్చి లేచాను. వయసు అడిగితే నీ వయసే చెప్పాను. ఒక్క పూటలో నాకు నాలుగేళ్లు పెరిగాయి. బల్ల దగ్గరి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "అలా కనిపించరండీ" అంది. కార్డు నీది కాబట్టి ఆ మెప్పు కూడా నీకే పంపేస్తున్నాను.

డాక్టరమ్మ యాభై ఏళ్ల మనిషి. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని చూస్తుంది. నోరు తెరవగానే, "ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఇలాంటి గాడి ఎలా పడిందమ్మా?" అంది. నోట్లో అద్దం, గొట్టం రెండూ ఉన్నాయి కాబట్టి అబద్ధం వెతుక్కోవడానికి కాస్త వ్యవధి దొరికింది. తీరిక దొరికినప్పుడు కుడుతుంటానని చెప్పాను. "కత్తెర కొనుక్కోండి" అంది.

తర్వాత పావుగంట క్లాసు పీకింది. బ్రష్ చిగురు అంచు మీద పెట్టి మెల్లగా తిప్పాలట, గిన్నె తోమినట్టు తోమకూడదట. రాత్రి తోమాక ఇంకేదీ తినకూడదట. ఒక సన్నదారం ఇచ్చి, పళ్ల సందుల్లో దాన్ని ఎలా ఆడించాలో చూపించింది. పద్దెనిమిదేళ్లుగా దారాన్ని పళ్లతో కొరకడమే గానీ, దారంతో పళ్లను బాగుచేయొచ్చని నాకెవరూ చెప్పలేదు. మర్నాడు కుట్టు గదిలో అందరికీ చూపిస్తే మా మేస్త్రి, "పనిలో దారం దుబారా చేస్తున్నారు" అని కసిరాడు.

ఇంకేం చెప్పలేదా అని అడుగుతావు. ఏవో చెప్పింది. క్లీనింగ్ చాలని వచ్చేశాను, నీ షరతు ప్రకారమే. నాలుకతో తడిమితే పళ్లు కొత్త గాజు గ్లాసులా ఉన్నాయి. కార్డు ఇందులోనే పెట్టాను.

పిచ్చుక


ఆఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు 28

పిచ్చుకకు,

ఆరు నెలలు నిండాయి. కార్డు మళ్లీ పంపుతున్నాను. షరతు మారలేదు.

నీ ఉత్తరం చదివి నేనూ బ్రష్ మెల్లగా తిప్పి చూశాను. ఉమ్మితే కాస్త రక్తం పడింది. కొత్త బ్రష్ కాబట్టి గరుకుగా ఉండి ఉంటుంది. ఎదురు బల్ల ఆవిడ, "చిగురు వాచిందేమో, చూపించుకోండి, మీకు ఊరికే కదా" అంది. ఈ ఏడాదికి నా వంతు అయిపోయిందని ఆవిడకు చెప్పలేను కదా, పని ఎక్కువగా ఉందన్నాను.

నిన్న నా ముందుకు ఒక ఫైలు వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, ఆరు పళ్లు పోయాయి. బీమా ఉండి కూడా నాలుగేళ్లలో ఒక్క పరీక్షకూ వెళ్లలేదు. కొన్ని పళ్లు కార్డు రాకముందే పోయాయి కాబట్టి వాటికి కట్టుడు పళ్లు ఇవ్వకూడదని రూలు. ముద్ర కొట్టి పక్కన పెట్టాను. ఈ పని చేసేవాళ్లు జాలిపడుతూ కూర్చుంటే సాయంత్రానికి బల్ల ఖాళీ కాదు.

నీ వదిన


కుట్టు గది
సెప్టెంబరు 27

వదినకు,

కార్డు ఆలస్యంగా పంపుతున్నందుకు ఏమీ అనుకోకు. వెళ్లివచ్చాను. అంతా శుభ్రం. మధ్యలో రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి పనికి వెళ్లలేదు, అందువల్ల జాగైంది. హోటల్ వాళ్ల కోట్లు రెండు వందలు కుప్పపడి ఉన్నాయి, గుండీలన్నీ నా ప్రాణానికే.

ఒక్కమాట అడుగుతాను. ఆ క్లినిక్ కాగితాలు మీ ఇంటికేమైనా వస్తాయా, లేక నేరుగా ఆఫీసుకేనా? ఊరికే తెలుసుకుందామని అడిగాను.

అన్నయ్యను అడిగానని చెప్పు.

పిచ్చుక


ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ 21

ఆడపడుచు గారికి,

గారు ఎందుకంటే, ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. వాటిలో నిన్ను పిలిచిన పిలుపులు కాగితం మీద బాగాలేవు.

జరిగింది వరసగా రాస్తాను. నెల కిందట నాకు కింది ఎడమ దవడ నొప్పి మొదలైంది. వారం రోజులు మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్లాను. వెనక నుంచి రెండో పన్ను. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నాడు. పెద్ద పని కాబట్టి ముందుగా కంపెనీ అనుమతి కోసం కాగితాలు పంపాడు. సిబ్బంది కాగితాలు మేం చూసుకోకూడదు, పై అంతస్తులో చూస్తారు. నిన్న వాళ్ల జవాబు వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను.

"సదరు పన్ను గత సెప్టెంబరు 12న తీసివేయబడినట్లు రికార్డులో ఉన్నది. లేని పన్నుకు చికిత్స అనుమతించబడదు."

ఆ రెండో వాక్యం నేను తయారుచేసిందే. ఇలాంటి ఫైళ్లకు వాడమని ఏడేళ్ల కిందట నేనే పైకి రాసిచ్చాను. నిన్న రోజంతా ఆ లేని పన్ను నొప్పితోనే బల్ల దగ్గర కూర్చున్నాను.

అదే పన్ను ఎలా అయిందని ఆశ్చర్యపోలేదు. ఆరేళ్ల వయసుకే వస్తుంది కాబట్టి అందరికీ ముందు పాడయ్యేది అదే. రోజుకు పది చూస్తాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. సెప్టెంబరులో నా కార్డు మీద నువ్వు పన్ను పీకించుకున్నావా? అవునో కాదో రాయి.

నీ వదిన


కుట్టు గది
ఏప్రిల్ 25

వదినా,

అవును.

మొదటిసారి వెళ్లినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, ఆ పన్నులో చిన్న గుంట ఉంది, ఇవాళే ఫిల్లింగ్ పెడితే అరగంట పని అని. నేను వద్దన్నాను. "ఎందుకమ్మా, మీ కార్డు మీద ఐదింట నాలుగొంతులు వస్తుంది కదా" అంది. నీ షరతు ఆవిడకు చెప్పలేను కదా. భయం అన్నాను. మళ్లీ ఆరు నెలలకు వెళితే, ఆ పన్ను మీద చిన్న కడ్డీతో తట్టింది. నేను కుర్చీలోంచి లేచిపోయినంత పనైంది. ఇక ఫిల్లింగ్ ఆగదు, రూట్ కెనాల్ చేయాలి, లేకపోతే తీసేయాలి అంది. రూట్ కెనాల్ అంటే నాలుగుసార్లు రావాలి, నాలుగుసార్లూ నీ పేరున కాగితాలు. తీయడమైతే పది నిమిషాలు. ఇంటికి వెళ్లి నీకు రాద్దామనుకున్నాను. ఇంటిదాకా వెళ్లలేననిపించింది. నీ పేరున సంతకం పెట్టి తీయించేసుకున్నాను.

ఆ తర్వాతైనా ఎందుకు రాయలేదంటావు. రాస్తే కార్డు పంపవని కాదు. ఉత్తరాలు మానేస్తావని. మా గదిలో రోజంతా మిషన్ల మోతే గానీ, నాతో తిన్నగా నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు లేరు. నీ ఉత్తరంలో బీమా రూల్స్ ఉన్నా సరే, రెండేసిసార్లు చదువుకుంటాను.

తప్పు నాది. నేను మీ ఇంటికి వచ్చినప్పుడు నీ సంచీలోంచి కార్డు దొంగిలించానని చెప్పు. నాకు పోయేదేముంది? మా మేస్త్రికి నా పళ్లతో పనిలేదు, గుండీలతోనే పని.

పిచ్చుక


ఆఫీసు, మూడో అంతస్తు
మే 2

ఆడపడుచు గారికి,

దొంగతనం మాట ఇంకెప్పుడూ రాయకు. అలాంటి ఉత్తరం ఎవరి కంటైనా పడితే నీ మీద పోలీసు కేసు పెడతారు.

పరిస్థితి ఇది. సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, నా ఫైల్లోని ఎక్స్‌రేలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి నీది, ఒకటి నాది. ఆయన మంచివారు. "క్లినిక్ వాళ్లు ఎవరి కాగితమో మీ ఫైల్లో పెట్టేసి ఉంటారమ్మా. వాళ్ల పొరపాటని నాలుగు ముక్కలు రాసిచ్చెయ్యండి. సోమవారంకల్లా నా బల్ల మీద ఉండాలి" అన్నారు. ఆ నాలుగు ముక్కలూ రాశాను. బాగానే వచ్చాయి. ఇంకా ఇవ్వలేదు.

అది ఇస్తే నాకు ఉద్యోగం మిగులుతుంది, రూట్ కెనాల్ అవుతుంది. మీ ఊరి క్లినిక్ మాత్రం, నాకు చేయని వైద్యానికి బిల్లు పెట్టినట్టవుతుంది. జాబితాలోంచి తీసేస్తారు. నిజం రాస్తే నా ఉద్యోగం పోతుంది. కార్డు ఇంకొకరికి ఇచ్చిందని కాగితం మీద ఎక్కాక ఏ బీమా ఆఫీసూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. నాకు వేరే పని చేతకాదు.

క్లినిక్ నుంచి నిన్నెవరైనా అడిగితే నీకేమీ తెలియదు. ఆ వీధి వైపు వెళ్లకు. నోరు మెదపకు. ఇది అడగడం నాకూ ఇష్టం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ వదిన


కుట్టు గది, భోజనాల వేళ
మే 5

వదినా,

నీ ఉత్తరం అందిన రోజే వెళ్లాను. కోప్పడు, పడతాను.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. నేను మీరనుకునే మనిషిని కాను, ఆవిడ ఆడపడుచుని అన్నాను. ఆవిడ ఒక కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. తిట్లు తింటానని నిలబడ్డాను. "ముందు కుర్చీలో కూర్చోండి, తీసిన చోటు మానిందో లేదో చూస్తాను. మళ్లీ రమ్మంటే రాలేదు కదా మీరు" అంది. చూసి, మానిందని చెప్పి, కొత్త కాగితం తీసి నా అసలు పేరు అడిగింది. అక్కడ నా పేరు నేను చెప్పుకోవడం అదే మొదటిసారి.

తర్వాత మామూలు గొంతుతోనే అంది, "నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మీ వదినగారి కంపెనీ కార్డువాళ్లే. జాబితాలోంచి తీసేస్తే తలుపులు మూసుకోవాలి. నా తప్పేమిటో ఆవిణ్ణే చెప్పమనండి."

అందుకని తిన్నగా మీ ఆఫీసుకే ఉత్తరం రాసి పోస్టులో వేసేశాను. కార్డు నేనే దొంగిలించానని, నీకూ డాక్టరమ్మకూ ఏమీ తెలియదని. కేసు పెడితే పెట్టనీ. నీ ఉద్యోగం, ఆవిడ క్లినిక్ రెండూ ఉంటాయి. నేను ఎక్కడైనా గుండీలు కుట్టుకుంటాను.

పిచ్చుక


ఇల్లు, వంటగది బల్ల
మే 30

పిచ్చుకా,

నీ ఉత్తరం మా ఆఫీసుకు శుక్రవారం చేరింది. ఆ వారం బయటి ఉత్తరాలు విప్పే వంతు నాది. అందిన తేదీ ముద్ర వేసి, నంబరు రాసి, అప్పుడు చదివాను. దొంగతనం చాలా బాగా కుట్టావు. నా సంచీ ఎర్రదనీ, జిప్పు పాడైందనీ కూడా రాశావు. ఎర్ర సంచీ నాకెప్పుడూ లేదు.

నేను రాసిన కాగితం సొరుగులో ఉంది. దాన్ని తీసి నీ దాని పక్కన పెట్టాను. ఒకదానిలో తప్పు డాక్టరమ్మది, ఇంకోదానిలో నీది. దేన్ని పైకి పంపినా నా కుర్చీ నాకుంటుంది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. ఎదురు బల్ల ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. కన్నీళ్లు వచ్చాయి, పన్ను నొప్పి అన్నాను. అబద్ధం కాదు.

నా కాగితం చించేశాను. నీ ఉత్తరం కింద ఖాళీలో, రోజూ ఫైళ్ల మీద రాసినట్టే రాశాను. "పైన రాసినది నిజం కాదు. కార్డు నేనే కవరులో పెట్టి పంపాను, రెండుసార్లు. తీసిన పన్ను నా ఆడపడుచుది. క్లినిక్ పొరపాటు ఏమీ లేదు." ముద్ర కొట్టి పై అంతస్తుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సూపరింటెండెంటు గారు చదివి, "ఎందుకమ్మా ఇలా చేశారు?" అన్నారు. మొదట చేసింది అడుగుతున్నారో, ఇప్పుడు చేసింది అడుగుతున్నారో నాకు తెలియలేదు.

ఉద్యోగం పోయింది. క్లినిక్ జాబితాలోనే ఉంది. నీ మీద ఏ కేసూ లేదు, కనుక్కున్నాను.

ఈలోగా పన్ను కింద చీము ఎముక దాకా పాకింది. రూట్ కెనాల్ వేళ దాటిపోయిందని ఇక్కడి డాక్టరు తీసేశాడు. చిగురు కూడా ఎప్పటినుంచో చెడి ఉందట, ఏడాది కిందట ఒక్క క్లీనింగుకి వచ్చినా పట్టుకునేవాణ్ణి అన్నాడు. పళ్లు రాళ్లలా ఉన్నాయని వెళ్లకుండా కూర్చున్నది నేనే, ఎవరినేమనను? ఇప్పుడు ఆఫీసు రికార్డులో ఉన్నదీ, నా నోట్లో ఉన్నదీ సరిపోయాయి.

మీ అన్నయ్యకు అంతా చెప్పాను. ఒంటికాలి మీద లేస్తారనుకున్నాను, లేవలేదు. నాలుగో రోజు పొద్దున చెప్పులేసుకుంటూ ఒక్క మాట అడిగారు. "దానికి ఎన్నాళ్లు నొప్పి ఉండిందట?"

నాకు తెలియదు. నీ ఉత్తరాలన్నీ తీసి చూశాను. నువ్వు రాయలేదు. నావి నాకు గుర్తున్నాయి, నేను అడగలేదు. అవునా కాదా అని అడిగాను. ఏమేం చేయించుకోకూడదో రాశాను. అరగంటలో నయమయ్యేదాన్ని వద్దనిపించింది నా షరతేనని నువ్వు రాసిన ఉత్తరం చదివి కూడా, నేను ఫైలు గురించే జవాబు రాశాను. సిగ్గుగా ఉంది. పదకొండేళ్ల అలవాటు అనుకుని సర్దుకోబోయాను, కుదరలేదు.

ఎన్నాళ్లు పడ్డావు? రాయి.

నీ వదిన


కుట్టు గది
జూన్ 3

వదినా,

తొమ్మిది నెలలు. నువ్వు అడిగాక వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాను.

నీ కార్డు రాకముందే రెండు నెలలుగా ఉంది. అప్పట్లో చన్నీళ్లు తగిలితేనే. తర్వాత వేడి తగిలినా, గాలి తగిలినా. ఆఖరి రెండు నెలలూ మిషన్ తొక్కుతుంటే ఆ అదురు దవడలోకి వచ్చేది. దవడకు గుడ్డ కట్టుకుని కుట్టేదాన్ని. మేస్త్రి అడిగితే చెవిపోటు అనేదాన్ని. ఇదంతా నీకు రాయాలని కాగితం తీసుకునేదాన్ని, ఏదో నవ్వులాట రాసి మడిచేసేదాన్ని.

కోపం ఉండేది వదినా. నీ షరతు మీద. కార్డు తిప్పి పంపిన ప్రతిసారీ ఉండేది. నువ్వు అడిగావు కాబట్టి అదీ రాసేస్తున్నాను.

మేస్త్రిని ఒప్పించి రెండు రోజులు సెలవు తీసుకున్నాను. శనివారం పొద్దున బండికి వస్తున్నాను. మెత్తగా ఏదైనా వండు. ఇద్దరం కుడి పక్కనే నమలాలి.

పిచ్చుక